చెల్లెకు కుట్టిన జాకెట్లు

మా చెల్లె మొట్టమొదటి ఫొటోలో తల లేదు. మెడ దగ్గరికి కోసేశారు.

చెల్లె అంటే మా చిన్నమ్మ కూతురు. గద్వాలలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క సందే అడ్డం. చిన్నాయన మగ్గం నేసేవాడు. నేను మా ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. చిన్నాయన చీరలు కొనే షావుకారు తన సరుకు హైదరాబాదు దుకాణాలకు చూపించడానికి ఆల్బమ్ చేయిస్తూ, బొమ్మకు కడితే అంచు పడే తీరు తెలియడం లేదని, మనిషి కావాలని అడిగాడు. చెల్లె అప్పుడు ఇంటర్ చదువుతోంది. పొడుగరి. చీర కట్టి నిలబడితే కుచ్చిళ్లు నేలదాకా సూటిగా దిగేవి.

"మొఖం రావొద్దు సేటు. మొఖం రాకుంటే నాకేం లేదు" అన్నాడు చిన్నాయన. షావుకారు మాట నిలబెట్టుకున్నాడు.

ఆ ఆల్బమ్ చూసిన రోజు నాకు మనసంతా అదోలా అయిపోయింది. జాకెట్టు నేను కుట్టిందే, చేతులు మా చెల్లెవే, మెడ పైన మాత్రం ఏమీ లేదు. తల లేని బొమ్మ మంచిది కాదని నేనంటే చిన్నాయన నవ్వాడు. "చీర సూడవే. చీరకు తలకాయెందుకు?" అన్నాడు. చెల్లె నవ్వలేదు. నా మిషన్ పక్కన కూర్చుని, ఆల్బమ్ మళ్లీ మళ్లీ తిప్పి, "అందరు నన్నే సూస్తుండ్రు అక్కా. నేనని మాత్రం ఎవ్వరికి తెల్వదు" అంది. ఆ మాటలో ఉన్న కసి నాకు అప్పుడు ముద్దుగా అనిపించింది.

మరుసటి ఏడు షావుకారు హైదరాబాదు నుంచి ఫొటోగ్రాఫరును పిలిపించాడు. ఆయన చెల్లె మొహం చూసి, దీన్ని కోసేసిన మనిషికి కళ్లు లేవన్నాడు. చిన్నాయన వారం రోజులు అన్నం సయించనట్టు తిరిగి, చివరికి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత హైదరాబాదులో రోడ్డు పక్కన బోర్డు మీద కూతురి మొహం కనిపిస్తే దాని కింద నిలబడి, ఎక్కాల్సిన బస్సు వదులుకుని మరీ చూసి వచ్చాడట. ఇక ఆపేవాళ్లు ఎవరున్నారు? డిగ్రీ అని చెప్పి హైదరాబాదు పోయింది. ఫ్యాషన్ షోలలో నడిచింది. అక్కడి నుంచి ఎవరో ఆమెను బొంబాయి తీసుకుపోయారు. సబ్బు ప్రకటనలో వచ్చింది, నగల ప్రకటనలో వచ్చింది. మా సందులో టీవీలు ఉన్న ఇళ్లన్నీ చిన్నమ్మకు చుట్టాలైపోయాయి.

నా పని గురించి ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఆడవాళ్లు టేపుతో కొలవనివ్వరు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు, దాన్ని ఆది జాకెట్టు అంటాం. దాన్ని పరిచి దాని ప్రకారం కత్తిరిస్తాం. పక్క కుట్ల లోపల నాలుగు వేళ్ల బట్ట వదిలేస్తాం, మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. పెళ్లయినవాళ్లకు, బాలింతలకు అట్లా కుట్లు విప్పి ఇవ్వడమే సగం పని. లోపలికి పట్టమని వచ్చేది జ్వరం పడి లేచినవాళ్లు, లేదా మనిషి పోయి దిగులుతో ఉన్నవాళ్లు. వాళ్లు జాకెట్టు నా చేతిలో పెట్టి మాట్లాడకుండా నిలబడతారు.

బొంబాయి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు చెల్లె నవ్వుకుంటూ వచ్చింది. "అక్కా, జర పక్కలు పట్టవా?" అంది. పట్టాను. "అక్కడ తిండి దొరకదానే, ఎండబెట్టిన మిరపకాయ తీరుగున్నవ్" అని ఎగతాళి చేశాను. తర్వాతి పండక్కి మళ్లీ పట్టమంది. ఆ తర్వాత మళ్లీ. లోపలి బట్ట దళసరిగా పేరుకుని, కుట్టు చంక దాకా వచ్చేసింది. ఇక పట్టడానికి వీల్లేక కొత్తది కుట్టాలన్నాను. ఆది జాకెట్టు ఇస్తానని చిన్నమ్మ, చెల్లె ఇంటర్ నాటిది తెచ్చింది. దాన్ని చూస్తే ఇంకెవరిదో అనిపించింది నాకు. చెల్లెను నిలబెట్టి టేపు పెట్టాను. వీపు ఎముకల మధ్య టేపు ఒంటికి ఆనలేదు, గాలిలో నిలబడింది.

"ఏం తింటున్నవే?" అన్నాను.

"ఇయ్యాల ఒక్కపొద్దు అక్కా."

ఒక్కపొద్దు అంటే మా దగ్గర దేవుని పేరు మీద ఒక పూట మాత్రమే తినడం. శనివారం బీచుపల్లి ఆంజనేయునికి మా ఇళ్లలో చాలామంది ఉంటారు. చెల్లె కూడా చిన్నప్పటి నుంచీ ఉండేది. బొంబాయి పోయాక సోమవారం శివునికి మొదలుపెట్టింది. తర్వాత గురువారం రాఘవేంద్రస్వామికి, మంగళవారం, శుక్రవారం మా అమ్మవారు జమ్ములమ్మకు. చూస్తుండగానే వారంలో దేవుడు లేని రోజు లేకుండా పోయింది. ఆ ఒక్క పూట కూడా మొదట రొట్టె తినేది, తర్వాత పండ్లు చాలంది, తర్వాత పాలు చాలంది, ఆ తర్వాత తీర్థం పుచ్చుకుని లేచేది.

చిన్నమ్మ మురిసిపోయింది. నాకు ఆమె మీద అప్పుడు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. బొంబాయివాళ్లలో పడి పిల్ల చెడిపోతుందని ఊరంతా ఎదురుచూస్తోంది కదా, వాళ్ల నోళ్లు మూయించడానికి చిన్నమ్మకు ఇంతకంటే ఏం కావాలి? "బొంబాయి పోయినా నా బిడ్డ నియమం ఇడువలేదు" అని బావి దగ్గర, గుడి దగ్గర చెప్పుకుంది. పక్కిళ్ల తల్లులు తమ కూతుళ్లను తీసుకొచ్చి, చూసి నేర్చుకొమ్మన్నారు. పుంటికూర వండి, జొన్నరొట్టె కాల్చి ముందు పెట్టిన చిన్నమ్మే, కూతురు వద్దనగానే గిన్నెను కళ్లకద్దుకుని మూత పెట్టేది.

"చిన్నమ్మా, గిది భక్తి గాదు. పిల్ల ఎండిపోతుంది" అన్నాను ఒకరోజు.

"నోరు కడుక్కో పో. దేవుని మీదున్న పిల్లను గట్లంటవా?"

చెల్లెను నా గదిలోకి పిలిచి తలుపు వేసి అడిగాను. ఆమె దాచలేదు. అక్కడ అవకాశాలు చూసే ఆవిడ మొహం బాగుందంటూనే నడుము మీద గిల్లి చూపించిందట. కెమెరా మనిషిని లావు చేసి చూపిస్తుందని చెప్పిందట. "మొదట్ల ఆకలైతుండె. ఇప్పుడు కాదు. తినకుండ ఉన్నరోజు బలమొచ్చినట్టుంటది అక్కా. తింటె ఓడిపోయినట్టుంటది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో బాధ లేదు, గర్వం ఉంది. నాకు భయం వేసింది. ఈ పిల్లను మేం పోగొట్టుకోబోతున్నామని అప్పుడే అనిపించింది.

ఆ ఏడే మొదటి హిందీ సినిమా వచ్చింది. హీరోయిన్ పక్కన స్నేహితురాలి వేషం. గద్వాలలో ఆడలేదు, వనపర్తిలో ఉదయం ఆట వేశారని తెలిసి జీపు మాట్లాడుకుని పోయాం. తెర మీద చెల్లె నోరు తెరిచింది. బయటికి వచ్చింది వేరే ఎవరిదో గొంతు. మా సందులో తురకోళ్ల పిల్లలతో ఆడుకుని నేర్చుకున్న ఉర్దూ అక్కడివాళ్లకు నవ్వొచ్చిందట, ఇంకొకరితో చెప్పించారు. "మనదాని గొంతు గాదు గదనే" అంది చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని. "సర్ది అయ్యుంటది" అన్నాడు చిన్నాయన. ముందు వరసల్లో పిల్లలు ఈల వేశారు. చిన్నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, సంతోషానికే అనుకుంటాను.

తర్వాతి సినిమాలో హీరోయిన్‌గా తీసుకున్నారు. మొక్కు చెల్లించాలని చిన్నమ్మ అందరినీ బీచుపల్లికి తీసుకుపోయింది. ఎండాకాలం. కృష్ణ సన్నబడి బండల మధ్య పారుతోంది. చెల్లె చిన్నాయన నేసిన ఎర్రంచు చీర కట్టుకుంది. స్నానం చేసి తడి చీరతోనే మెట్లెక్కుతూ, సగంలో ఆగి, మెట్టు మీద కూర్చుంది. తర్వాత పక్కకు ఒరిగిపోయింది. చేతులు కొట్టుకున్నాయి, కళ్లు పైకి తేలాయి.

ఆమెను గుర్తుపట్టి అప్పటికే చుట్టూ జనం మూగి ఉన్నారు. ఎవరో ముసలావిడ "దేవుడొచ్చిండు పిల్ల మీదికి" అంది. అంతే. ఒకరు పసుపు నీళ్లు తెచ్చి పాదాల మీద పోశారు. ఇంకొకరు తమ బిడ్డను తెచ్చి ఆమె కాళ్లకు మొక్కించారు. తన కొడుక్కి పెళ్లి ఎప్పుడవుతుందో చెప్పమని ఒకావిడ అడుగుతోంది. చెల్లె పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను జనాన్ని తోసుకుని పోయి, ప్రసాదం చక్కెర పిడికెడు నోట్లో పెట్టబోయాను. చిన్నమ్మ నా చెయ్యి కొట్టింది. చక్కెర మెట్ల మీద పడింది.

"ఒక్కపొద్దు చెడగొడ్తవా?"

జనం ముందు నేను చిన్నమ్మను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చెల్లెకు తెలివి వచ్చింది. చుట్టూ దండాలు పెడుతున్నవాళ్లను చూసింది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది, నాకు తెలుసు. కానీ లేచి, చీర సర్దుకుని, ఫొటోకు నిలబడినట్టు నిలబడి అందరికీ చేతులు జోడించింది. తిరుగు దారిలో జీపులో ఆమె చెయ్యి నా ఒళ్లో పెట్టుకున్నాను, అంత ఎండలోనూ చల్లగా ఉంది.

బొంబాయిలో సినిమా పూర్తయ్యాక కొన్నాళ్లు ఉండిపోవడానికి ఇంటికి వచ్చింది. అప్పటికి చిన్నమ్మకూ అనుమానం వచ్చింది. స్నానానికి నీళ్లు తోడబోయి కూతురి వీపు చూసిందట. ఆ రోజు నుంచి దేవుళ్ల మాట ఎత్తలేదు. రోజూ పొద్దున్నే కొత్తగా రొట్టెలు కాల్చి, ముద్ద చేసి నోటి దాకా తీసుకుపోయేది. "ఒక్క ముద్ద బిడ్డా. నా మీద ఒట్టు" అని బతిమాలేది. చెల్లె నోరు తెరిచేది. నమిలేది. మింగలేకపోయేది. తనకే తినాలని ఉందని, ఒళ్లు మాట వినడం లేదని నాతో చెప్పి ఏడ్చింది. ఇంత పట్టుదల గల పిల్ల ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఒకరోజు పొద్దున పిలిస్తే లేవలేదు. జీపులో కర్నూలు తీసుకుపోయాం. డాక్టరు చిన్నాయనను పక్కకు పిలిచి, చాలా కాలంగా తిండి లేక గుండె బలహీనపడిందనీ, తెచ్చేసరికే ఆగిపోయిందనీ చెప్పాడు.

"మేము తిండికి లేనోళ్లం గాము సార్" అన్నాడు చిన్నాయన.

పేపర్లలో రెండు రోజులు రాశారు. ఊళ్లో కొందరు ఇంకా దేవుడే పిలుచుకున్నాడని అంటారు. బీచుపల్లి మెట్ల మీద ఆమె కాళ్లకు మొక్కినవాళ్లు చిన్నమ్మ దగ్గరికి వచ్చి ఆ సంగతి చెబుతుంటే, ఆమె లేచి లోపలికి పోయి తలుపు వేసుకునేది. మగ్గం ఆగిపోయింది. నేను కూడా కొన్నాళ్లు ఎవరి జాకెట్టూ ముట్టుకోలేదు.

సినిమా ఆ తర్వాతే విడుదలైంది. చిన్నాయన రానన్నాడు. చిన్నమ్మ పోతానంది. వద్దని ఎంత చెప్పినా వినకపోతే నేనే వనపర్తి తీసుకుపోయాను. హాల్లో జనం పలచగా ఉన్నారు. చిన్నమ్మ పాటలకు కదల్లేదు, ఏడుపు సీన్లకు కదల్లేదు. మధ్యలో ఒకచోట హీరో ఇంట్లో అందరూ చాప మీద కూర్చుని భోంచేస్తారు. చెల్లె రొట్టె తుంచి, కూరలో అద్దుకుని, బుగ్గ నిండా పెట్టుకుని నవ్వుతుంది. ఇంకో ముక్క తుంచుతుంది. చిన్నమ్మ ముందుకు వంగింది.

"తింటుంది సూడే" అంది మెల్లగా. "ఎవరు వండిండ్రో. మంచిగ తింటుంది."

సినిమాలో తినే సీను ఒకటికి పదిసార్లు తీస్తారనీ, కట్ అనగానే పక్కన పెట్టిన బకెట్లో ఉమ్మేస్తారనీ చెల్లె ఒకప్పుడు నాతో అంది. చిన్నమ్మ ఆ వారమంతా రోజూ బస్సెక్కి వనపర్తి పోయింది. బకెట్ సంగతి నేను ఆమెకు చెప్పలేదు.