పుల్లటి ఆకు కోసం ఈస్ట్‌బోర్న్ ఒడ్డున

మా సుజాతకు మూడో నెల. తొమ్మిది రోజులుగా గంజి తాగినా కక్కేస్తోంది. సోమవారానికీ ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ ఎక్కిస్తామని డాక్టరమ్మ చెప్పేసింది. సుజాత నర్సుగా చేసేది ఆ ఆసుపత్రిలోనే. అక్కడే మంచమెక్కాలంటే పిల్లకు ప్రాణం పోయినట్టుంది. శుక్రవారం సాయంత్రం గోడవైపు తిరిగి పడుకుని, "అమ్మా, పుల్లటి ఆకేదైనా వేసి పప్పు చేస్తే తింటానేమోనే" అంది. చింతపండు వద్దంది, నిమ్మకాయ వద్దంది. ఆకే కావాలి. పిల్లలు కాపురముంటున్న ఈ పరాయి దేశపు ఊళ్ళో, లోవర్ హట్‌లో, ఏ దుకాణంలోనూ గోంగూర లేదు. నేను కొంగున కట్టి తెచ్చిన విత్తనాలు ఎయిర్‌పోర్టులోనే లాక్కున్నారు.

నేను పదిహేనేళ్ళు బాపట్ల వీధుల్లో ఆకుకూరల గంప మోసినదాన్ని. మా ఆయన పోయాక ఆ గంపతోనే ఈ పిల్లను చదివించాను. ఇంత పచ్చటి దేశంలో నాకు ఒక్క పుల్లటి ఆకు దొరకదా అనుకున్నాను. సముద్రం ఒడ్డున పిచ్చిమొక్కలు బాగా పెరుగుతాయని అల్లుడు ఎప్పుడో అన్నాడు. అంతే, బయల్దేరాను.

తోడు మా వియ్యపురాలు రూతమ్మ వదిన. అల్లుడు ప్రకాష్ తల్లి. ఆవిడా నాలాగే మొగుడు పోయిన మనిషి, కాన్పు వరకూ ఉండాలని వచ్చింది. పదో తరగతి చదివింది కాబట్టి నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నదీ ఆవిడే. తన గొప్పలు ఎక్కువ రాసుకుంటుందేమోనని ప్రతి ముక్కా చదివించుకుని వింటున్నాను.

శనివారం పొద్దున తొమ్మిదీ పదికి బస్సు. ఇంట్లో చెబితే వెళ్ళనివ్వరని ఫ్రిజ్ మీద చీటీ అంటించి వచ్చాం. ఇక్కడ డ్రైవరే టికెట్టు కొడతాడు. చిల్లర అరచేతిలో పోసుకుని చాపితే అతనే ఏరుకున్నాడు. కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఇదే సులువు. పక్క సీట్లో గాలం పట్టుకున్న తెల్ల ముసలాయన ఎక్కడికని అడిగాడు. వదిన ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఏం చెప్పావు వదినా?"

"కోడలికి గడ్డి తేవడానికి వెళ్తున్నామన్నాను. ఆకుకూర అనే మాట గుర్తు రాలేదు మరి."

ఆ నవ్వు బస్సు దిగేదాకా ఆగలేదు.

పది దాటేసరికి బస్సు ఈస్ట్‌బోర్న్‌లో ఆఖరి స్టాపు దగ్గర దింపింది. అక్కడ గాలి మనిషిని నిలబడనివ్వదు. చీర కట్టుకుని వెళ్ళేవాళ్ళు కుచ్చిళ్ళకు రెండు పిన్నీసులు ఎక్కువ పెట్టుకోండి. అల్లుడి బూట్లు వేసుకుని, స్వెట్టరు మీద కొంగు బిగించి, నేను తెరచాప ఎత్తిన పడవలా పోయాను. ఒడ్డంతా ఇసుక కాదు, గులకరాళ్ళు. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు కొండ, మధ్యలో బాట. బాట పక్కన చెట్లు! మా మొగలిపొదల్లా కత్తుల్లాంటి పొడవాటి ఆకులు. ఎర్రటి కుచ్చులు వేలాడదీసినట్టు పూసిన పెద్ద చెట్లు. క్రిస్మస్ ముందు పూస్తాయి కాబట్టి వాటిని క్రిస్మస్ చెట్లంటారట. వేళ్ళంత లావు ఆకులతో రాళ్ళ మీద పాకే తీగ, దానికి గులాబీ రంగు పూలు. చూసిన ప్రతిదాన్నీ తుంచి, నలిపి, వాసన చూశాను. ఒళ్ళంతా తేలిపోయింది. గంప దించిన ఇన్నేళ్ళకు మళ్ళీ ఆకుల మధ్య పడ్డాను.

అరగంట నడిచాక కాలువ పక్కన చూద్దును కదా, నడుమెత్తు కొత్తిమీర! "వదినా, కొత్తిమీర తోటే!" అని కేక పెట్టి రెండు చేతులా పెరికాను. వాసన మాత్రం రాలేదు. చలిదేశం కదా, వాసన మందగించిందేమో అనుకుని సంచి సగం నింపేశాను. ఇంతలో కుక్కను తిప్పుకుంటూ వస్తున్న ఒక ముసలి దొరసాని అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చి నా సంచి లాక్కుని బోర్లించేసింది.

"ఏమే, నీ తోటా ఇది? దేవుడి భూమి!" అని నేను తెలుగులోనే దులిపేశాను.

వదిన ఆవిడ మాట విని తెల్లబోయింది. "వదినా, నోరు ముయ్యి. అది విషమంట. తింటే మనిషి బతకడంట. కాడ చూడమంటోంది."

చూశాను. కాడ మీద నెత్తురు చిలికినట్టు మచ్చలు. పదిహేనేళ్ళు కొత్తిమీర అమ్మిన నేను, కాడ చూడకుండా, వాసన లేదని తెలిసీ, కడుపుతో ఉన్న కూతురికి విషం మూటగట్టాను. అరచేతులు రెండూ ఆ గులకరాళ్ళకేసి రుద్దుకున్నాను.

ఆవిడ పేరు మార్గరెట్. తన సీసా నీళ్ళతో నా చేతులు రెండుసార్లు కడిగించింది, సంచి కూడా తిరగేసి కడిగింది. మాకేం కావాలో అడిగింది. పులుపుకు వదిన దగ్గర ఇంగ్లీషు అయిపోయింది. నేనే ఒక కన్ను మూసి, మూతి ముడిచి, నాలుకతో టక్కుమని చప్పుడు చేసి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాను. మార్గరెట్ పడీపడీ నవ్వింది. మళ్ళీ చేసి చూపించమంది. చేశాను. రా రమ్మని చెయ్యి ఊపింది.

దారిలో ఆవిడ చెబుతుంటే వదిన తెలుగు చేసింది. ఈ గడ్డ మీద పుట్టిన మొక్కల్ని తుంచకూడదు, ఎక్కడినుంచో వచ్చి పడ్డ కలుపైతే ఎంతైనా కోసుకోవచ్చు. ఒక పొద దగ్గర ఆగి ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. సోంపు! మధ్యధరా సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళు పెరిగిందట.

"మనలాగే వచ్చి పడిందన్నమాట" అన్నాను.

"మనం కాన్పు కాగానే వెళ్ళిపోతాం వదినా, ఇది వెళ్ళేలా లేదు" అంది వదిన.

బాట వదిలి కాస్త ఎత్తుకు ఎక్కాక, కంకరనేల మీద బాణపు మొనల్లాంటి చిన్న చిన్న ఆకులు. మార్గరెట్ ముందు తను ఒకటి నమిలి, తర్వాత నాకిచ్చింది. ఈసారి కాడ చూశాను, వాసన చూశాను, వేళ్ళతో నలిపి చూశాను, అప్పుడు నోట్లో పెట్టుకున్నాను. చుర్రుమంది! కన్ను దానంతట అదే మూసుకుపోయింది. మా చుక్కకూరకు అక్కో చెల్లెలో అయ్యుంటుంది.

"యేసయ్యా!" అని అరిచి మార్గరెట్‌ను వాటేసుకున్నాను. కుక్క మొరిగింది. వదిన నమిలి, "ఇది నేను వండుతా. మా ఇంటి పప్పంటే కోడలికి ఇష్టం" అంది.

"నా కూతురు అడిగింది నన్ను."

"సంచి నాది."

ఇద్దరం పోట్లాడుకుంటూనే ఒక్కో ఆకూ గిల్లాం. చిన్న ఆకులు, సంచి నిండేసరికి పన్నెండున్నర అయింది. తెచ్చుకున్న చపాతీలు, మాగాయ ముగ్గురం పంచుకున్నాం. మాగాయ తిని మార్గరెట్ నేను చేసి చూపించిన మొహమే పెట్టింది.

ఒంటిగంటన్నరకు స్టాపుకు చేరితే బస్సు అప్పుడే పోయింది. శనివారం వెళ్ళేవాళ్ళు వేళలు ముందే చూసుకోండి. బెంచీ మీద కూర్చుని వంట వంతు తేల్చుకుంటుంటే ప్రకాష్ కారు వచ్చి ఆగింది. చీటీ చూసి బస్సు దారంతా వెతుక్కుంటూ వచ్చాడట. వెనక సీట్లో సుజాత, ఒళ్ళో వాంతి గిన్నె.

"అత్తయ్యా, చెప్పి వెళ్ళాలా వద్దా? ఊళ్ళో అందరికీ ఫోన్లు చేశా" అని అల్లుడు మండిపడ్డాడు.

"ముందు మీ అమ్మను తిట్టు బాబూ" అని నేను వెనక సీట్లోకి దూరాను.

సుజాత చెయ్యి చాపింది. "ఏదీ?"

నాలుగు ఆకులు సీసా నీళ్ళతో కడిగి ఇచ్చాను. పచ్చివే నోట్లో వేసుకుంది. అందరం దాని నోటివైపే చూశాం. గిన్నె చేత్తో పట్టుకుని నేను, వెనక్కి తిరిగి వదిన, అద్దంలో అల్లుడు. పిల్ల మింగింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మళ్ళీ చెయ్యి చాపింది.

ఎడమవైపు సముద్రం కారుతో పాటే వచ్చింది, కొండల మీద ఎండ, ఎర్రచెట్లు గాలికి ఊగిపోతున్నాయి. నేను మాత్రం దాని గొంతునే చూస్తూ కూర్చున్నాను. నేను కడిగి అందిస్తున్నాను, అది తింటోంది. దారిలో పెటోనీ అనే ఊరు దాటాక వదిన సంచిలోకి తొంగి చూసి, "పప్పుకు మిగిల్చేలా లేదు వదినా" అంది.

"పప్పెవడికి కావాలత్తయ్యా, ఇంకో గుప్పెడివ్వండి" అంది మా సుజాత, నోటి నిండా ఆకుతో.