బూజు పట్టని వరుస

ఆయన్ని అందరూ కట్ల డాక్టరు అనేవారు. ఆయన కట్లు కట్టేది మనుషులకు కాదు, చెట్లకు. నిమ్మతోటల్లో జీవితమంతా గడిపిన మనిషి. కొమ్మ చీలితే గోనెపట్టా చుట్టేవాడు. కాండం మీద గాటు పడితే గీకి శుభ్రం చేసి, మైలుతుత్తం సున్నం కలిపిన నీలిరంగు బోర్డో పేస్టు పూసేవాడు. ఆయన పూసిన చోట బూజన్న మాటే ఉండేది కాదు. తనకు జ్వరమొస్తే మాత్రం ఒక్క మాత్ర కూడా మింగడు. అదేమని అడిగితే నేను చెట్టుని కాదుగా అనేవాడు.

అలాంటి మనిషిని అగరు తోటకు కాపలా పెట్టడమంటే, శాకాహారిని మాంసం కొట్లో కూర్చోబెట్టినట్టే. కానీ భార్య పోయాక ఆయన కూతురి పంచన చేరాడు, అల్లుడు వేసింది అగరు తోట. ముందు వరుస మొక్కలన్నీ మామగారే స్వయంగా నాటాడు. అవి మిగతావాటికంటే ఏపుగా పెరిగాయి. గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు గానీ, ఎవరొచ్చినా పనిగట్టుకుని ఆ వరుస పక్కనుంచే నడిపించేవాడు.

అగరు చెట్టు సుఖంగా ఉన్నంతకాలం దాని కలప తెల్లగా, దేనికీ పనికిరాకుండా ఉంటుంది. కాండానికి రంధ్రాలు చేసి, బూజు కలిపిన మందు పోయాలి. ఆ జబ్బుతో పెనుగులాడుతూ చెట్టు లోపల జిగురు ఊరించుకుంటుంది. జిగురు పట్టి నల్లబడిన చెక్కకే సువాసన. అల్లుడు ఇదంతా ఓపిగ్గా చెబితే మామగారు తలూపాడు. ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరు.

పనివాళ్ళు డ్రిల్లుతో తొలిచి, మందు పోసి వెళ్ళిన మర్నాడు ఆయన ముందు వరుసకు వెళ్ళాడు. చెట్ల ఒళ్ళంతా తూట్లే. మందంతా నీళ్ళతో కడిగేసి, రంధ్రాల్లో బోర్డో పేస్టు కూరి, పైన మట్టి మెత్తాడు. తర్వాత ఇంటికొచ్చి హాయిగా భోంచేశాడు.

ఏడాది తిరిగాక, ఏపుగా ఉన్నాయి కదా అని అల్లుడు ముందు వరుసలోనే రెండు చెట్లు కొట్టించాడు. లోపలంతా తెల్లటి పాలచెక్కే. అక్కడక్కడా నీలి చారలు కనిపిస్తే మందు తాలూకు మరకలనుకున్నాడు. బలమైన చెట్లలోనే లేనిది బక్కవాటిలో ఏముంటుంది, ఈ నేల అగరుకు పనికిరాదు, తోటంతా నరికించేసి వేరే ఏదైనా వేసుకుందామని తేల్చేశాడు. రంపాలవాళ్ళకు కబురు కూడా వెళ్ళింది.

మామగారికి ముద్ద దిగలేదు. నోరు మూసుకుంటే తోట పోతుంది. విప్పితే ఈ ఇంట్లో తనకు తలెత్తుకునే దారి ఉండదు. పోనీ తోట నిలిచినా, ఆ చెట్లకు మళ్ళీ తూట్లు తప్పవు. మర్నాడు పొద్దున కాఫీ తాగకుండానే చెప్పేశాడు.

"నేల తప్పు కాదు బాబూ. ముందు వరుసలో రంధ్రాలన్నీ నేనే పూడ్చేశాను."

అల్లుడు గ్లాసు కింద పెట్టాడు. కూతురే అడిగింది, ఎందుకలా చేశావు నాన్నా అని.

"పుండు కనబడితే మందు రాయకుండా ఉండలేనమ్మా," అన్నాడు.

అల్లుడు లేచి వెనక వరుసలకు వెళ్ళాడు. ఒక బక్క చెట్టును చెక్కితే నల్లటి చెక్క బయటపడింది. చిన్న పేడు నిప్పుమీద వేసి చూశాడు. రంపాలవాళ్ళను రావద్దని చెప్పి, డ్రిల్లు తెచ్చి మామగారి ముందు పెట్టాడు.

"ముందు వరుస మళ్ళీ తొలవాలి మామయ్యా. ఈసారి మీరే తొలవండి."

అది శిక్షో నమ్మకమో ఆయనకు అర్థం కాలేదు. తను నాటిన మొదటి చెట్టు దగ్గర నిలబడి డ్రిల్లు నొక్కాడు. తెల్లటి పొట్టు చేతిమీద రాలింది. డ్రిల్లు తీయగానే బొటనవేలు దానంతటదే వెళ్ళి రంధ్రాన్ని మూసింది. అల్లుడు చూశాడు. కాసేపటికి ముసలాయనే వేలు తీసి, మందు పోసి, జానెడు పైన ఇంకో రంధ్రానికి గుర్తు పెట్టుకున్నాడు.