సుకురి ముఖం

తెల్లారీ తెల్లారకముందే గాసి పొయ్యిలో చల్లారిన బొగ్గు వెతుక్కునేవాడు. కొండతల్లి ఉన్న దిక్కుకు చేతులు జోడించి, ఎర్రమట్టి అలికిన గోడ ముందు కూర్చుని ఒక ముఖం గీయబోయేవాడు. ఇంట్లో చెప్పుకోవడానికి మరో మనిషి లేదు గనుక "పనికి పోయొస్తాను" అని వచ్చినంత బొమ్మకే చెప్పి, తడిగుడ్డతో తుడిచేసేవాడు. ఆ తర్వాతే అంబలి. ఆ తర్వాతే ఆశ్రమ పాఠశాలలో నీళ్లు మోసే పని.

ఆ ముఖం అతని భార్య సుకురిది. ముంచింగిపుట్టు అవతలి ఆ కొండ ఊళ్లో జ్వరాలొచ్చిన ఏడు, తొంభై ఏడులో, ఆమె పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. మొదట్లో కళ్లు మూస్తే కనిపించేది. రానురాను మసకబారసాగింది. పూర్తిగా చెరిగిపోకముందే గోడ మీద నిలుపుకోవాలని అతని తపన.

ఆ ఊళ్లో పండగలకు గోడల మీద బియ్యప్పిండితో మనుషుల్ని వేస్తారు. చేతులు కలిపి ఆడే ఆడవాళ్లు, విల్లు పట్టిన మగవాళ్లు. ఎవరికీ ముఖం ఉండదు. గాసికి ముఖం వేయడం నేర్పింది కింద ఊళ్ల నుంచి బదిలీ మీద వచ్చిన డ్రాయింగు మాస్టారు వరహాలరావు.

"ఏటయ్యా గాసీ, కళ్లు నుదుటి మీద పెట్టీసావు?"

"పైనుంటేనే కద బాబూ, దూరం కనపడతాది."

మాస్టారు నవ్వి, చీపురుపుల్ల విరిచి తన ముఖం మీదే కొలిచి చూపించాడు. గడ్డం నుంచి కళ్లకు ఎంతో, కళ్ల నుంచి నడినెత్తికీ అంతే. మిగిలిన సుద్దముక్కలు అడక్కుండానే పొట్లం కట్టి ఇచ్చేవాడు.

మాస్టారి ముఖం వచ్చింది. వంటమనిషి రత్నాలు ముఖమూ వచ్చింది. అది చూసి ఆమె సిగ్గుపడి, ఆ పూట అతని గిన్నెలో ఇంకో గరిటె పప్పు వేసింది. సుకురిది మాత్రం వీపే వచ్చేది. సంతకు పోయే కొండదారిలో మోపు నెత్తిన పెట్టుకుని ఆమె ముందు, అతను వెనక. కాపురమంతా అలాగే నడిచారు. కొప్పు, మెడ, నడుము వంపు బొగ్గు ఆనించగానే దిగేవి. ముఖం దగ్గర చేయి ఆగిపోయేది.

"తలుచుకుంటే రాదయ్యా. పోలిక ఉన్నోళ్లని ఎదట కూకోబెట్టుకో," అన్నాడు మాస్టారు.

సుకురిదీ, ఆమె అక్క సోములమ్మదీ ఒకటే ముఖమని ఊళ్లో అందరూ అనేవారు. గాసికి మాత్రం తెలియదు. అక్కడ భార్య అక్క ముఖం మగవాడు చూడకూడదు. ఎదురైతే దారి దిగి, తల వంచుకుని నిలబడాలి. పెళ్లయిన నాటి నుంచీ సోములమ్మ పాదాలే అతనికి తెలుసు.

చాలా రోజులు తటపటాయించి, ఒక ఉదయం ఆమె వాకిట్లో చోళ్లు ఎండబోస్తుండగా వెళ్లి నిలబడ్డాడు.

"ఎవులది, గాసియా? ఇటొచ్చావేటి, దారి తప్పావా?"

"నీతోనే పని, వదినా."

చోళ్లు నెరిపే చేతులు ఆగిపోయాయి. "నాతోనా? ఊరోళ్లు సూత్తే ఏటనుకుంటారు?"

గాసి తల వంచుకునే ఉన్నాడు.

"సుకురి మొకం మరిసిపోతన్నాను, వదినా. కాసేపు ఆ అరుగు మీద నాకెదురుగా కూకో. ఒక్కపాలి నన్ను తలెత్తి సూడనీ. తప్పయితే కొండతల్లి నన్నే అడుగుతాది."