నూనె రాసిన కమాను

2004వ సంవత్సరం. గుంటూరు నుంచి పెదకాకాని వెళ్ళే దారిలో ఒక రెసిడెన్షియల్ స్కూలు. అందులో నేను చెల్లో మాస్టారిని. చెల్లో అంటే ఏమిటని అడిగినవాళ్ళకల్లా నేను చెప్పేది ఒకటే: వయొలిన్‌కి పెద్దన్నయ్య. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, విల్లులాంటి కమానుతో వాయించాలి. మనిషి గొంతులా లోతుగా పలుకుతుంది. మిరపకాయల ఊళ్ళో దీనికో మాస్టారా అని నవ్వేవాళ్ళు నవ్వండి, నాకు అలవాటే.

అంతకుముందు నేను మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వాయించేవాణ్ణి. మేం వరసలు వరసలుగా కూర్చునే చోట ఒక్క కీబోర్డు వచ్చి కూర్చుని, మా అందరి పొట్టా కొట్టింది. సొంతూరు చేరుకున్నాను. ఆ స్కూలువాళ్ళు బ్రోషర్‌లో ఫొటో కోసం మూడు అమర్చారు: ఈతకొలను, గుర్రం, చెల్లో. కొలనులో నీళ్ళు పెట్టిన పాపాన పోలేదు. గుర్రం ఫొటో దిగి వెళ్ళిపోయింది. చెల్లో మిగిలింది, దాంతోపాటు నేనూ మిగిలాను.

నా దగ్గర నిలిచి నేర్చుకున్నది ఒక్క పిల్లే. పర్చూరు దగ్గర మిరప పండించే సుబ్బారావు గారి కూతురు. పెదకాకాని స్వామికి మొక్కుకుంటే పుట్టిందని మల్లేశ్వరి అని పేరు పెట్టారు. అందరికీ మల్లి. తొమ్మిదో తరగతి. ప్రవేశ పరీక్షలో మొదట వచ్చిందని స్కూలు ఆ పిల్లకు ఫీజు మాఫీ చేసింది. ఆ మాఫీ లేకపోతే వాళ్ళ నాన్న అక్కడ చదివించలేడు. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడిచింది.

మల్లి చెయ్యి చిన్నది, చెవి మాత్రం గట్టిది. కమానును ఈ కొస నుంచి ఆ కొస దాకా తొణక్కుండా లాగడానికే ఏడాది పట్టింది, విసుక్కోలేదు. వాళ్ళ నాయనమ్మ మిరప కోతల్లో పాడే పాట ఒకటి తనంతట తనే తీగల మీద వెతుక్కుని పట్టుకుంది. వార్షికోత్సవంలో అదే వాయించాలని ఇద్దరం అనుకున్నాం.

ఒకరోజు కరస్పాండెంట్ గారు నన్ను పిలిపించారు.

"మాస్టారూ, చెల్లోలో అన్నిటికన్నా టఫ్ పీస్ ఏది?"

పోనీలే, ఇన్నాళ్ళకు ఆసక్తి పుట్టిందని సంబరపడి చెప్పాను. హంగరీ దేశపాయన ఒకరు ఒక్క చెల్లో కోసమే రాసిన సంగీతం ఉంది, దాని పేరెత్తితే పెద్ద పెద్దవాళ్ళకే చెమటలు పడతాయి. ముందు కింది రెండు తీగలను అర స్వరం దించి శ్రుతి చేయాలి. దాంతో చేతికి అలవాటైన చోట్లన్నీ తప్పుతాయి, కాగితం మీద ఒకటి కనిపిస్తే చెవికి ఇంకొకటి వినిపిస్తుంది. పైగా థంబ్ పొజిషన్. అంటే చెల్లో మెడ వెనక దాక్కుని ఉండాల్సిన బొటనవేలిని పైకి తెచ్చి తీగల మీద అడ్డంగా నొక్కిపెట్టి వాయించాలి. కుడిచెయ్యి కమాను లాగుతుండగానే ఎడమచేతి వేళ్ళతో తీగలు మీటాలి. అరగంట దాకా ఊపిరి తీసుకోనివ్వదు.

ఆయన కళ్ళు మెరిశాయి. "అదే పెట్టండి మన మల్లికి."

"ఆ పిల్ల చెయ్యి ఇంకా అంత సాగదండీ. బలవంతం చేస్తే నరం పట్టేస్తుంది. అది పదేళ్ళు నేర్చుకున్నాక ముట్టుకునే సంగతి."

"ఎందుకు సాగదు? ఆరో తరగతి పిల్లల చేత ఐఐటీ లెక్కలు చేయించట్లా? ఇంటెన్సివ్ పెట్టండి. ఆటల పీరియడ్ మీకిచ్చేస్తా."

ఇదండీ మన జిల్లా జబ్బు! పిల్లకు ఏది వచ్చో ఎవడూ అడగడు. ఏది కష్టమో చెప్పు, అది మా వాడి నెత్తిన పెడతాం అంటాడు. పాలు తాగే పిల్లాడికి ఆవకాయ తినిపించి, చూశారా మావాడు ఏడవలేదు అని ఫొటో తీయించుకునే రకం. నేను కుదరదన్నాను. ఆయన నవ్వి, హైదరాబాదు నుంచి ఆ సంగీతం సీడీ తెప్పించారు.

"వాయించక్కర్లేదు లెండి. వెనక సీడీ వేస్తాం, పిల్ల చెయ్యి ఆడిస్తుంది. ఎవరికి తెలుస్తుంది? డ్యాన్సులకు క్యాసెట్ వెయ్యట్లా?"

నా ఒళ్ళు మండిపోయింది. "డ్యాన్సు చేసేవాడు నేనే పాడుతున్నానని చెప్పడండీ! ఇది మోసం. పిల్ల చేత చేయిస్తారా?" అని గట్టిగానే అరిచాను. రిహార్సల్స్‌కి ఇక మీరు రానక్కర్లేదన్నారు. మల్లిని విడిగా పిలిచి, వాయించినట్టు చెయ్యకపోతే ఫీజు మాఫీ ఉండదని చెప్పారట. గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది: 'ప్రపంచంలోనే అత్యంత కష్టమైన చెల్లో సంగీతం, మన విద్యార్థిని చేతుల మీదుగా!'

మల్లి నా దగ్గరకొచ్చి ఏడ్చింది. "నాన్న మా ఊరోళ్ళని ట్రాక్టర్లో తీసుకొస్తన్నాడు మాస్టారూ. సారు ఫోన్ చేసి చెప్పారంట. ఎట్టా చెప్పను, నాకది రాదని?"

చెయ్యొద్దంటే చదువు పోతుంది. చెయ్యమనడానికి నాకు నోరు రాదు. "నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి తల్లీ, నీ వెనక నేనుంటా" అన్నాను.

వార్షికోత్సవం రోజు సాయంత్రం ఎవరు వద్దన్నా స్టేజీ వెనక్కి వెళ్ళాను. మల్లి కమాను పట్టుకుని నిలబడి ఉంది. కమాను నా ముక్కు దగ్గర పెట్టింది. కొబ్బరినూనె వాసన గుప్పుమంది.

కమానుకు గుర్రపు వెంట్రుకలు కడతారు. వాటికి రోజిన్ అనే జిగురు ముద్ద రుద్దితేనే తీగను పట్టుకుని పలికిస్తాయి. నూనె తగిలిందా, ఆ వెంట్రుకలు చచ్చినట్టే. మళ్ళీ మద్రాసు పంపి కొత్తవి కట్టించాల్సిందే. పక్కనే ఉన్న డ్రిల్లు మాస్టారిని నిలదీశాను.

"ఎవరయ్యా ఈ పని చేసింది?"

"నేనే సార్. సీడీ వెయ్యంగానే పాప చెయ్యి ఆడిస్తుంటే ఆ చెల్లోలోంచి కూడా సౌండ్ వస్తంది. కరస్పాండెంట్ గారు సౌండ్ రాకుండా చూడమన్నారు. తలుపు కిర్రుమంటే నూనె రాస్తాం గదా సార్!"

ఇంతలో మైకులో మల్లి పేరు పిలిచారు. ఆ నూనె కమానే పట్టుకుని వెళ్ళింది.

కూర్చుంది. చెల్లోను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. సీడీ మొదలైంది. ఎవరో మహానుభావుడు ఏ దేశంలోనో పిడుగులు కురిపిస్తున్నాడు. మల్లి కమానును కుర్చీ పక్కన నేల మీద పెట్టేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తి జనాన్ని చూస్తూ కూర్చుంది.

చెల్లో దానంతటదే మోగుతోంది. ముందు వరస సోఫాల్లో పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముఖ్య అతిథిగారు ఇదేదో కొత్త టెక్నాలజీ అనుకున్నారో ఏమో, చప్పట్లు కొట్టారు! ఆయన కొట్టారని మిగతావాళ్ళూ కొట్టారు. సిగ్గులేని చప్పట్లు. కరస్పాండెంట్ గారు తెర చాటు నుంచి "చెయ్యి ఆడించవే, చెయ్యి!" అని పళ్ళు కొరుకుతున్నారు. ఆ పిల్ల కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం కదల్లేదు.

వెనక కుర్చీల్లోంచి సుబ్బారావు గారు లేచారు. "ఏందమ్మా మల్లీ, వాయించవే?"

"ఇది నేను వాయించేది కాదు నాన్నా. ఇది నాకు రాదు. సీడీ!"

మైకు ముందుంది కదా, హాలంతా వినిపించింది. సీడీ ఆగిపోయింది. మల్లి కళ్ళు తుడుచుకుని, కమాను జోలికి పోకుండా, వేళ్ళతో తీగలు మీటుతూ నాయనమ్మ పాట వాయించింది. ఒకచోట తప్పింది. ఆగి, మళ్ళీ అందుకుంది. ట్రాక్టర్లో వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె సన్నగా గొంతు కలిపింది. చివర్లో సోఫాల్లోంచి చప్పట్లు రాలేదు. వెనక నుంచే వచ్చాయి.

తర్వాత ఆఫీసు గదిలో కరస్పాండెంట్ గారు నిప్పులు చెరిగారు. స్కూలు పరువు తీసింది, టీసీ ఇచ్చేస్తానన్నారు. నేను బతిమాలడానికి సిద్ధపడే వెళ్ళాను, పిల్ల చదువు కదా. సుబ్బారావు గారు నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చారు.

"అయ్యా, తెల్లబోయిన తాలు కాయకి రంగేసి మిర్చి యార్డుకి తోలేవాళ్ళని నేను చూశా. ఊళ్ళో వాళ్ళ గడప తొక్కం. మీరు మంచి కాయకి రంగేద్దామని చూశారు. ఇయ్యండి టీసీ. మా పిల్లకి పర్చూరు బడి చాలు."

టీసీ ఇచ్చేశారు. మర్నాడు నేనూ మానేశాను. చెల్లోను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారని, మల్లి దాన్ని పట్టుకున్న ఫొటో 'అత్యంత కష్టమైన సంగీతం' అన్న మాటలతో సహా ఆ తర్వాత కూడా బ్రోషర్‌లో వేస్తూనే ఉన్నారని తెలిసింది. మల్లి ఆదివారాలు బస్సెక్కి మా ఇంటికొచ్చి నా చెల్లో మీద వాయించుకునేది. కమాను అందుకున్న ప్రతిసారీ ముందు వాసన చూసేది.

చెల్లోలో అన్నిటికన్నా కష్టమైనది ఏదని ఇప్పటికీ కొత్తవాళ్ళు అడుగుతారు. బొటనవేలి సంగతి, దించిన తీగల సంగతి చెబుతాను, అవన్నీ నిజమే. ఏళ్ళ తరబడి సాధన చేస్తే అవి ఎవరికైనా పట్టుబడొచ్చు. కానీ తనది కాని పనితనానికి హాలంతా చప్పట్లు కొడుతుంటే, తన చదువు పోతుందని తెలిసీ, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఉందే, అది నేను నేర్పలేదు. నాకు నేర్పినవాళ్ళూ లేరు. మల్లి వాయించకుండా కూర్చుంటే చూసి తెలుసుకున్నాను.