కొంగకు చూపు వచ్చిన సినిమా

కల్లూరులో మా ఇంటి కూలర్‌లో నీళ్లు పోసిన కాసేపటికి తడిసిన గడ్డి వాసన గదంతా పరుచుకుంటుంది. మొన్న ఆ వాసనలో కూర్చుని టీవీలో బొమ్మల సినిమా చూస్తున్న మా మనవరాలు, "అవ్వా, పుస్తకంలో ఇట్ల లేదు, మార్చేసినారు" అంది. నాకు రత్నమ్మగారు గుర్తొచ్చారు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏళ్లలో నేను పంతులమ్మగా చేరిన ఆడపిల్లల బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. ఎండాకాలంలో కిటికీలకు తడిపిన గోనెపట్టలు కట్టించేవారు. ఆ వాసన కూడా ఇలాగే ఉండేది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చిన్నపిల్లలతోనైనా గొంతు మార్చి ముద్దుగా మాట్లాడటం ఆమెకు తెలియదు.

నా తరగతిలో మస్తానమ్మ అనే పిల్ల ఉండేది. అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. తల్లి వేరుశనగ మిల్లులో కూలి. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక బడిలో వదిలి వెళ్లేది. పలక, బోర్డు అక్కరకు రాని పిల్లకు నేనేం చెప్పాలని అడిగితే, "చెవులుండాయి గదా సరోజా, కూర్చోనీ" అన్నారు రత్నమ్మగారు.

ఆ ఏడు ఊరి బయట వేసిన డేరా సినిమాకు ఒక ఇంగ్లీషు బొమ్మల సినిమా వచ్చింది. బడిపిల్లలను మొదటి ఆటకు పంపమని డేరా యజమాని కబురు చేశాడు. మాటలు అర్థం కావు కనుక పిల్లలకు కథ ముందే చెప్పాలనుకున్నారు రత్నమ్మగారు. సినిమాకు మూలమైన పాత పుస్తకం ఆమె దగ్గర ఉంది. అందులో చూపు పోయిన ఒక నేతగాని కూతురికి చెరువులోని కొంగ తన కళ్లు ఇచ్చేస్తుంది. పిల్ల లోకాన్ని చూస్తుంది, కొంగ మాత్రం చివరిదాకా గుడ్డిదిగానే ఉండిపోతుంది.

"మస్తానమ్మ ఉంది కదమ్మా, చివర కొంచెం మార్చి చెప్పండి" అని బతిమాలాను.

"నేను రాసిన కథ కాదు గదా, నేనెట్ల మార్చేది?" అన్నారామె.

ఉన్నది ఉన్నట్టే చెప్పారు. మస్తానమ్మే ముందు నోరు విప్పింది. "గుడ్డి కొంగ చేపలెట్ల పట్టుకుంటాది టీచరమ్మా?"

"పుస్తకంలో రాయలేదు మే. నువ్వేమనుకుంటాండావు?"

ఆ పిల్ల ఆలోచించింది. "నీళ్లలో కదలకుండా నిలబడుకుంటాది. చేప కాలికి తగిల్తే తెలుస్తాది."

ఆ తర్వాత రోజూ ఆ కొంగ బతుకుకు ఏదో ఒకటి కలిపి చెప్పేది. పిల్లలు చుట్టూ మూగి వినేవాళ్లు.

డేరాలో ఇసుక మీద మస్తానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీద జరిగేది రత్నమ్మగారు బిగ్గరగా చెబుతూ పోయారు. సినిమా చాలావరకు పుస్తకం ప్రకారమే నడిచింది. పుస్తకంలో లేని కప్ప ఒకటి వచ్చి పాడితే పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. ఇది కథలో లేదే అని నేను గొణిగితే, "ఉంటే ఉండనీ, కథకేం చెడింది?" అన్నారు. చివర పెద్ద వాన కురిసింది. ఆ వానలో కొంగ కళ్లు తెరుచుకున్నాయి. డేరా అంతా చప్పట్లు. రత్నమ్మగారి మాట ఆగిపోయింది.

మస్తానమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. "ఏమైంది టీచరమ్మా? అందరూ ఎందుకు చప్పట్లు కొడ్తాండారు?"

ఆమె ఏం చెప్పినా ఆ పిల్లకు అదే సినిమా. ఆ క్షణంలో నాకు తోచింది అదే.

"వాన పడింది. కొంగకు కండ్లొచ్చినాయి. ఎగిరిపోతాండాది" అన్నారు రత్నమ్మగారు.

బయటికి వచ్చాక మస్తానమ్మ అడిగింది. "వాన పడితే నాకూ వస్తాయా?"

రత్నమ్మగారు దారి పక్కన నేల మీదే ఆ పిల్లకెదురుగా కూర్చున్నారు. "రావు. డాక్టరు చూసినాడు గదా. ఇంగ రావు."

"మరి సినిమాలో వచ్చినాయి గదా?"

"బొమ్మలేసినోళ్లకు కొంగను అట్ల ఇడిసిపెట్టను మనసు రాలేదు. అది వాళ్ల కథ. పుస్తకం రాసినాయనది వేరే కథ."

మస్తానమ్మ చప్పుడు లేకుండా ఏడ్చింది. ఏడవొద్దని రత్నమ్మగారు అనలేదు. లేచి వెళ్లనూ లేదు. జనం మమ్మల్ని తప్పించుకుని నడిచిపోతున్నారు. చాలాసేపటికి ఆ పిల్ల పావడతో మొహం తుడుచుకుంది. "నా కొంగకు మటుకు రాలేదు. అది ఆ చెరువులోనే ఉండాది."

"సరే" అన్నారు రత్నమ్మగారు.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. మర్నాడు మస్తానమ్మ తల్లి బడికి వస్తే పోట్లాటే అనుకున్నాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి రత్నమ్మగారితో అంది. "రాత్రి ఏడ్చింది టీచరమ్మా. వస్తాయి వస్తాయి అని ఇన్నాళ్లు నేనే చెప్తా వచ్చినా. ఇంగ ఆ మాట చెప్పే పని లేకుండా చేస్తివి." అది నిష్ఠూరమో, ఊరటో నాకు తెలియలేదు. పిల్లను లోపలికి పంపి మిల్లుకు వెళ్లిపోయింది.

తర్వాత మస్తానమ్మను దూరాన ఉన్న అంధుల బడిలో రత్నమ్మగారే తీసుకెళ్లి చేర్పించారు. ఉద్యోగం అయిపోయాక ఆమె కడపకు, తమ్ముడి దగ్గరికి వెళ్లారు. అక్కడే పోయారని ఆలస్యంగా తెలిసింది.

చాలా ఏళ్ల తర్వాత, మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం, "నేను ఇంటికొస్తానా?" అని అడిగారు. తలుపు దగ్గర నిలబడ్డ మా మరిది, వస్తారని చెప్పమని చేత్తో సైగ చేశాడు. నేను స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని కూర్చుని, డాక్టరు చెప్పింది చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగారు. మళ్లీ నా వైపు తిరిగి, మా పెద్దోణ్ణి పిలిపించమన్నారు. అలాగేనన్నాను. ఆయన నిద్రపోయేదాకా అక్కడి నుంచి లేవలేదు.