మనకెన్ని గజాలు?

మా ఆయనది భీమవరం వైపు. అక్కడ లీజు అనేది చేపల చెరువుల మాట. గడువు తీరగానే వలలు సర్దుకుని గట్టెక్కెయ్యాలి. అందుకే ఇక్కడ ఐర్లండులో, డ్రోహెడా ఊళ్ళో మేం చూసిన ఫ్లాటు లీజుహోల్డని తెలియగానే ఆయన ముఖం మాడిపోయింది.

"చెరువు లీజుకి తీసుకుంటారు గానీ, ఇల్లు లీజుకి కొనుక్కుంటారటే ఎవరైనా?"

"ఆ లీజు వెయ్యేళ్ళకి ఒక్క ఏడాది తక్కువండీ."

"మరి ఆ తరవాతో?"

వెయ్యేళ్ళ తరవాతి సంగతికి ఇప్పట్నించీ నిద్ర పాడుచేసుకునే మనిషితో ఏం వాదిస్తాం?

నాకు మాత్రం ఆ ఫ్లాటు కావాలి. కరోనా రోజులవి. నేను ఆ ఊరి ఆసుపత్రిలోనే డాక్టర్ని. మేం అద్దెకున్న ఇంటిని ఓనరు అమ్మకానికి పెట్టాడు. మళ్ళీ పెట్టేబేడా మోసుకుంటూ ఇంకొకరి కొంపకి వెళ్ళాలంటే నాకు ఏడుపొచ్చేది. రోజంతా మాస్కు వెనక నలిగి వచ్చాక, తలుపు తియ్యగానే ఇది మాది అనిపించే చోటొకటి ఉండాలని మొండికేశాను. ఆ మూడో అంతస్తు కిటికీలోంచి బాయిన్ నది కనిపిస్తుంది. అయితే ఆయన కూడా సంతకం పెట్టాలి. ఆయనేమో "నేల విడిచి సాము చెయ్యకూడదే" అని ఒకటే పాట.

ఆఫీసులు మూసేయడంతో లాయరమ్మ వీడియో కాల్లోనే అన్నీ వివరించింది. ఆవిడ చెప్పేదంతా ఓపిగ్గా విని, ఈయన ఇంగ్లీషులో గంభీరంగా అడిగారు: "మాకు నేలలో ఎన్ని గజాలు వస్తాయండీ?"

మన దగ్గర ఫ్లాటు కొంటే దస్తావేజులో నీకిన్ని గజాల వాటా అని రాస్తారు. పాపం ఆవిడకేం తెలుసు? కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"విడిగా మీకంటూ ఒక్క గజం కూడా రాదు. కింద నేలంతా ఒక కంపెనీది. ఆ కంపెనీ అక్కడ ఫ్లాట్లున్న వాళ్ళందరిదీ. కొన్నాక మీదీను."

ఆయన కాస్త ముందుకి వంగారు. "అంటే ఉమ్మడి ఆస్తి. మరి తగువులుంటాయా?"

"ఉండకేం! ఏటా మీటింగ్ పెట్టుకుని మరీ పోట్లాడుకుంటారు."

మా ఆయన ముఖం వెలిగింది. అన్నదమ్ముల గట్టు తగాదాల మధ్య పెరిగిన మనిషి. తగువుందంటే అది నిజంగా ఆస్తేనని ఆయన లెక్క. వారం తిరక్కుండా సంతకం పెట్టేశారు. నేను ఎగిరి గంతేశాను.

కానీ సంతకం వేరు, నమ్మకం వేరు. తాళాలు చేతికొచ్చాక కూడా ఆయన మెట్ల దగ్గర ఎవరెదురైనా చుట్టంచూపుగా వచ్చినవాడిలా పక్కకి ఒదిగేవారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

గృహప్రవేశానికి మేమిద్దరమే. పంతులుగారు ఫోన్లో మంత్రాలు చదువుతుంటే కరెంటు పొయ్యి మీద పాలు పొంగించాం. గుమ్మం బయటంతా కార్పెట్, కొబ్బరికాయ కొట్టడానికి లేదు. కింద వెనకవైపు గడ్డి అంచున కాస్త రాతిపలక ఉంది. అక్కడ కొట్టుకోవచ్చా అని ఆయన ఫ్లాట్ల గ్రూపులో ఎంతో వినయంగా మెసేజ్ పెట్టారు. జవాబు రాలేదు. కాయ పట్టుకుని కిందికి వెళ్ళి, కొట్టకుండా నిలబడ్డారు. వెనకే నేను.

కింది ఫ్లాటు ముసలావిడ కిటికీ తీసింది. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంటున్న మనిషి.

"ఆ మెసేజ్ పెట్టింది మీరేనా? మీ నేల మీద మీరు కాయ కొట్టుకోడానికి నన్నడుగుతారేంటి? కొట్టండి, భేషుగ్గా! ముక్కలు మాత్రం ఏరెయ్యండి, కుక్కలొస్తాయి."

ఆయన కాయతోనే నా వైపు తిరిగి, "ఏవందే ఆవిడ?" అన్నారు.

"మీ నేల అందండీ."

ఆయనకి నాకన్నా ఇంగ్లీషు బాగా వచ్చు.

"ఇంకోసారి చెప్పవే," అన్నారు.