చార్టర్డ్ బస్సు క్రాస్‌వర్డ్, మాధవరావు అంకుల్

నిన్న పొద్దున మయూర్ విహార్‌లో మేం రోజూ ఆఫీసులకెళ్లే చార్టర్డ్ బస్సు ఎక్కబోతుంటే డ్రైవర్ భయ్యా నన్ను మెట్టు మీదే ఆపాడు.

"దీదీ, రావ్ సాబ్ నహీ రహే."

"కౌన్ రావ్ సాబ్?" అన్నాను.

మా బస్సులో రావ్ సాబ్ ఒక్కరే, మాధవరావు అంకుల్. తెలిసే అడిగాను.

తెల్లవారుజామున గుండెపోటుతో పోయారట. హాస్పిటల్ దాకా కూడా వెళ్లలేదు.

బస్సు వదిలేసి వాళ్లింటికి పరుగెత్తాను. అక్కడ ఎవరో అంటున్నారు, "పాపం, చెవులు కూడా వినపడేవి కావట."

నాకు ఒళ్లు మండింది. పాపమేమిటి?

అందుకే ఈ రోజు సైబర్ కేఫ్‌లో కూర్చుని మన తెలుగువాళ్ల మెయిల్ గ్రూప్‌కి ఇది రాస్తున్నాను. ఆయన తెలిసినవాళ్లూ చదవండి, తెలియనివాళ్లూ చదవండి.

మాధవరావు అంకుల్ గవర్నమెంట్ ఆఫీసులో స్టెనో. సాబ్ డిక్టేషన్ చెబితే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చెయ్యాలి. కానీ మా బస్సుకి ఆయన స్టెనో కాదు, క్రాస్‌వర్డ్ కెప్టెన్.

ఇంగ్లీషు పేపర్ క్రాస్‌వర్డ్‌లో ఆయనకి ప్రాణం ఒకే రకం క్లూలు. ఒకేలా పలికే మాటలతో ఆడుకునేవి. మగాడన్నా, టపా అన్నా ఇంగ్లీషులో 'మెయిల్' అనే పలుకుతాం, స్పెల్లింగే వేరు. అలాంటివి.

కళ్లతో చూస్తే ఈ క్లూ తెగదు, చెవితో పట్టాలి అనేవారు. అందుకని ఒక రూలు పెట్టారు. పేపర్ ఒక్కరి చేతిలోనే ఉండాలి. వాళ్లు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. తొంగి చూస్తే ఔట్.

చదివేది బ్యాంకులో పనిచేసే పంజాబీ ఆవిడ, సేఠీ ఆంటీ.

ఇక రోజూ గొడవే. మన తెలుగు నోట్లో పడమర వెస్టూ, బనియన్ వెస్టూ ఒకటే. ఆంటీ ససేమిరా ఒప్పుకోదు.

"అరే రావ్ సాబ్, ఆప్ మద్రాసియోం కే కాన్ మే ఏక్ హీ తార్ హై క్యా?" మీ మద్రాసీల చెవుల్లో ఉన్నది ఒకటే తీగా అని.

"ఆప్ 'సకూల్' గయే థే జీ, హమ్ స్కూల్ గయే థే."

పంజాబీలు స్కూల్‌ని సకూల్ అంటారని అంకుల్ ఎత్తిపొడుపు. బస్సంతా నవ్వు.

నాకు మొదట్లో చిరాకు. కరపత్రాలు చదివి చదివి వేడెక్కిన బుర్ర నాది. ఒకరోజు నిలదీశాను కూడా. "దొరల కాలక్షేపం మీకెందుకు అంకుల్?"

"దొర వెళ్లిపోతూ వదిలేసిపోయాడు కదా కామ్రేడమ్మా. వాడుకుంటే తప్పేముంది? నువ్వు కూర్చో ముందు, డ్రైవర్ బ్రేకేస్తాడు."

అప్పటినుంచీ నా పేరు కామ్రేడమ్మే.

ఆయన ఎప్పుడూ డ్రైవర్ పక్కన ఇంజిన్ బానెట్ మీద, మా అందరికీ ఎదురుగా కూర్చునేవారు. మే నెలలో కూడా. కింద పెనంలా కాలుతున్నా సరే. కెప్టెన్ కదా, ఆ దర్జా అనుకున్నాం.

పోయిన చలికాలంలో ఒకరోజు. బయట పొగమంచు. సేఠీ ఆంటీ ముక్కు మీదుగా శాలువా చుట్టుకుని క్లూ చదివింది. చాలా తేలికది. నాకే తట్టింది.

అంకుల్ నవ్వారంతే. జవాబు లేదు.

ఆంటీ ఇంకోసారి చదివింది. మళ్లీ అదే నవ్వు. ఆయన చూపు మాత్రం ఆ శాలువా మీదే ఉంది.

అప్పుడర్థమైంది నాకు. ఆయన వినడం లేదు. పెదాలు చూస్తున్నారు. బానెట్ సీటు అందుకే. రూలు పెట్టిందే ఆయన, ఇప్పుడు పేపర్ ఇలా ఇవ్వండి అని ఎలా అడుగుతారు?

బస్సు దిగాక అడిగేశాను. ఆయన దాచలేదు.

"కొన్నాళ్లుగా ఇంతేనమ్మా. బస్సు సంగతి సరే. ఆఫీసులో కొత్త సాబ్ గదంతా తిరుగుతూ, కిటికీ వైపు మొహం పెట్టి డిక్టేషన్ ఇస్తాడు. సగం అందదు. ఆ సగం నేనే పూరిస్తున్నా. ఏదో ఒకరోజు పట్టుబడతా. తీసుకెళ్లి రికార్డ్ రూములో పడేస్తారు. స్టెనో అంటే చెవేనమ్మా, ఇంకేముంది?"

నేను రెచ్చిపోయాను. "మీరేం తప్పు చేశారని దాక్కోవాలి? ఇది హక్కు అంకుల్! నేను కరపత్రం రాస్తాను, గేటు దగ్గర పంచుదాం."

"దాని మీద పేరు ఎవరిది ఉంటుందమ్మా?"

బయటికి తీసిన పెన్ను మళ్లీ బ్యాగులో పెట్టేశాను.

"నీ కోపం మంచిదే. కానీ చెవి నాది. చెప్పుకునేది నేనే చెప్పుకుంటా."

మరుసటి వారం, నిండు బస్సులో, సేఠీ ఆంటీ చదవడం మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తారు.

"సేఠీజీ, శాలువా హటాకే పఢియే. ముఝే సునాయీ నహీ దేతా." శాలువా తీసి చదవండి, నాకు వినపడదు అని అందరి ముందూ చెప్పేశారు.

టేప్‌లో పాట ఆగిపోయింది. భయ్యా ఆపేశాడు.

ఆంటీ లేచి, రాడ్ పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడి, శాలువా దించి చదివింది. ఆయన జవాబు చెప్పారు. ఆమె కళ్లు తుడుచుకుంటూనే, "గలత్!" అంది. నిజంగానే తప్పు. ఇద్దరూ మళ్లీ దెబ్బలాడుకున్నారు.

ఆ రోజే ఆఫీసులో కూడా చెప్పారట. "సర్, నాకు సరిగా వినపడదు. దయచేసి నా ఎదురుగా కూర్చుని చెప్పండి."

సాబ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడట.

సాయంత్రం బస్సులో నాకు ఇది చెబుతుంటే ఆయన మొహం చూడాల్సింది. చివరిదాకా ఆయన ఆ ఉద్యోగంలోనే ఉన్నారు. స్టెనోగానే.

నేను మాత్రం అప్పుడూ వాదించాను. "ఆ సాబ్ కూర్చోకపోయుంటే?"

"అప్పుడు నిన్ను పిలిచేవాణ్ని కామ్రేడమ్మా."

ఆ ప్రశ్నని నేనింకా వదల్లేదు. ఒక మనిషి ఉద్యోగం ఇంకో మనిషి మంచితనం మీద ఎందుకు ఆధారపడాలి? దీనికి నేను చదివిన కరపత్రాల్లో జవాబు ఉంది. కానీ నలుగురి ముందు ఆ మాట మొదట అనడమెలాగో వాటిల్లో లేదు. అది ఆయన చేసి చూపించారు.

కాబట్టి ఆయన్ని పాపం అనకండి.

వెళ్లి రండి అంకుల్. మీరు అడగక ముందే ఎదురుగా వచ్చి కూర్చునే మనుషులుండాలి, మీరు వెళ్లిన చోట. నిమ్మళంగా ఉండండి.